నేను దుర్గకి వదిలేసిన ఫైనల్

మొన్న అమలాపురంలో ఒక కాలేజీవాళ్ళు వార్షికోత్సవానికి పిలిచారు. మైకు పట్టుకున్నాయన నన్ను "కోనసీమ ఆడపులి" అని పరిచయం చేశాడు. ప్రిన్సిపాలుగారు లేచి ఆ పులికి శాలువా కప్పారు. మార్చి ఎండకి ఒళ్ళు ఉడికిపోతుంటే మనిషికి ఉన్ని గుడ్డ కప్పే తెలివి ఎవరిదో గానీ, మా ఇంట్లో బీరువా కింది అర మొత్తం ఆ శాలువాలే. ఎవరికైనా కావాలంటే రాజోలు వచ్చి పట్టుకుపోవచ్చు.

వేదిక దిగి వస్తుంటే ఒక పిల్ల మెట్ల దగ్గర ఆపింది. "మేడమ్, జూడోలో చేరితే ఉద్యోగం వస్తదాండీ?" అని అడిగింది. కష్టపడితే అన్నీ వస్తాయమ్మా, పట్టుదల ఉండాలి, అమ్మానాన్నల్ని మర్చిపోకూడదు, ఇలా నాలుగు ముక్కలు చెప్పి వెన్ను తట్టి కారెక్కేశాను. తాటిపాక వచ్చేసరికి నా మీద నాకే చిరాకు పుట్టింది. ఆ పిల్ల సూటిగా అడిగితే నేను ఊకదంపుడు చెప్పి వచ్చాను.

చెప్పవలసింది ఒకటుంది. అది దుర్గ సంగతి. అందులో తప్పు నాది కాబట్టి ఇన్నేళ్ళుగా ఏ వేదిక మీదా చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. నా పతకాలు, ప్రమోషన్లు, నేను ఎవరెవరి పక్కన నిలబడి ఫొటో దిగానన్నది ఇందులో ఉండదు. అవి కావాలంటే ఆ కాలేజీవాళ్ళు వేసిన ఫ్లెక్సీ చూసుకోండి. సువార్త అన్న నా పేరు తప్పు రాశారు గానీ తతిమ్మావన్నీ ఉన్నాయి.

అసలు పని

ఇరవయ్యేళ్ళు నేను చేసిన పని ఇది. ఎదుటి పిల్ల తొడుక్కున్న మందపాటి కోటు చేతినీ కాలరునీ పట్టుకుని దాన్ని వెల్లకిలా పడెయ్యాలి. లేదా నేను పడాలి. జోరుగా, వీపు మొత్తం తగిలేలా పడేస్తే ఒక్కసారికే ఆట అయిపోతుంది. దాన్ని ఇప్పాన్ అంటారు. ఆట మొత్తం నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల కోసం ఏడాది పొడుగునా వేళ్ళకి ప్లాస్టర్ చుట్టుకుని తిరగాలి. గుడ్డ పట్టీ పట్టీ నా వేలి కణుపులు ఎంత లావెక్కాయంటే, పెళ్ళిలో మా ఆయన తెచ్చిన ఉంగరం ఉంగరం వేలికి ఎక్కలేదు. పాస్టరుగారు కాసేపు చూసి, పోనీ చిటికెన వేలికి తొడగవయ్యా అన్నారు.

రెండోది ఆకలి. నా తరగతి యాభై ఏడు కిలోలు. నా ఒళ్ళేమో అరవై ఒకటి కావాలంటుంది. పోటీకి ముందు వారం ఇంట్లో రొయ్యలు వేయిస్తుంటే నేను వీధిలోకి వెళ్ళి నిలబడేదాన్ని. తూకం రోజు పొద్దున్న ఉమ్మి కూడా మింగకుండా గిన్నెలో ఉమ్మేసే పిల్లల్ని చూశాను. దాన్ని దీక్ష అనీ త్యాగం అనీ రాసే విలేకరులు ఒక్క పూట భోజనం ఆలస్యమైతే వంటవాళ్ళ మీద విరుచుకుపడతారు.

మూడోది, మహిళా దినోత్సవం. ఏటా ఆ ఒక్క రోజు నేను అందరికీ గుర్తొస్తాను. ఆత్మరక్షణ ప్రదర్శన అంటారు. ఒక పొడుగాటి కానిస్టేబుల్ని తెచ్చి నా ముందు నిలబెడతారు. నేను అతని చొక్కా పట్టుకోగానే పాపం అతనే ఎగిరి పడతాడు. చప్పట్లు. కింద కూర్చున్న ఆడపిల్లలు అది నిజమనుకుని ఇంటికి వెళతారు. నిజంగా మీద పడేవాడు అలా ఎగిరి పడడమ్మా, అని మైకులో చెప్పబోతే ఒకసారి మైకు లాగేసుకున్నారు.

కొబ్బరి పొట్టు మీద

ఇప్పుడు నేను చెప్పబోయేదానికి ఇది తెలియాలి. రాజోల్లో మాకు జూడో నేర్పిన మాస్టారు మంచివాడు. డబ్బూ లేదు, మ్యాటూ లేదు. ఉన్నది కొబ్బరి. పాత కొబ్బరికాయల గోదాములో, పీచు తీశాక మిగిలే పొట్టుని గోనె సంచుల్లో కూరి, వరసగా పేర్చి, పైన ధాన్యం ఆరబోసుకునే బరకం పరిచారు. అదే మా మ్యాట్. పత్రికలవాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకుని, మట్టిలో మాణిక్యాలని రాశారు. మాస్టారు ఆ కాగితం లామినేషన్ చేయించి గోడకి కొట్టారు.

ఆ పొట్టు మ్యాట్ మెత్తన. ఎంత మెత్తనంటే, ఎలా పడినా నెప్పి ఉండదు. చిక్కంతా అక్కడే. జూడోలో మొదట నేర్చుకోవలసింది పడటం. వీపు తగిలేలోపల చెయ్యి మొత్తం, భుజం నుంచి అరచేతి దాకా, చాచి నేలకి కొట్టాలి. అరచెయ్యి ఒక్కటే కింద ఆనించి ఒంటిని ఆపుకోబోతే ఒంటి బరువంతా మోచేతి మీదికి వస్తుంది. గట్టి మ్యాట్ మీద ఆ తప్పు ఒకటి రెండు సార్లు చేస్తే మణికట్టు వాచి బుద్ధి వస్తుంది. పొట్టు మీద చెయ్యి ఆనిస్తే మెత్తగా దిగబడుతుంది, ఏమీ కాదు. ఏమీ కాదు కాబట్టి అదే అలవాటైపోతుంది.

నేను పదమూడో ఏట స్పోర్ట్స్ హాస్టలుకి వెళ్ళాను. మొదటి రోజే చెయ్యి ఆనించాను, మణికట్టు బెణికింది. అక్కడి కోచ్ మేడమ్ నన్ను రెండు నెలలు ఇంకేమీ చెయ్యనివ్వలేదు. పొద్దున్నా సాయంత్రం పడటమే. రాజోలు ఛాంపియన్ని నేను, నాకు పడటం నేర్పుతుందా ఈవిడ, అని ఏడ్చుకుంటూ పడ్డాను. ఆవిడ కటువు మనిషి, ఒక్క మంచిమాట అన్న గుర్తు లేదు. నా రెండు చేతులూ ఇవాళ తిన్నగా ఉన్నాయంటే ఆవిడ చలవే.

మా జిల్లాకి నిజం మ్యాట్లు రాలేదా అంటే, వచ్చాయి. లారీలో వచ్చాయి. అప్పటి మా జిల్లా జూడో సంఘం కార్యదర్శిగారు వాటి ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా తన ఫంక్షన్ హాలు వెనక గదిలో పేర్పించారు. అడిగితే, "పిల్లలు తొక్కితే పాడైపోతాయండీ, పెద్దోళ్ళు వచ్చినప్పుడు పరుద్దామండి" అన్నారు. జూడో మ్యాట్లు పిల్లలు తొక్కితే పాడైపోతాయట! ఆయన జన్మలో జూడో ఆడినవాడు కాదు. గోళీలైనా ఆడాడో లేదో నాకు అనుమానమే. ఆ మ్యాట్లు అక్కడ మూలుగుతుంటే, పలివెల నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే దుర్గ అనే పిల్ల ఎనిమిదేళ్ళు పొట్టు మీదే ఆడింది.

వదలడం అనే మర్యాద

మా వైపు మర్యాద ఎక్కువ. అండీ లేకుండా మాట నోట్లోంచి రాదు. ఆ మర్యాద మ్యాట్ మీదికి కూడా ఎక్కుతుంది. ఫైనల్లో ఒకరికి అప్పటికే ఉద్యోగం ఉండి, రెండో పిల్లకి లేకపోతే, ఉద్యోగం ఉన్నావిడ వదలాలి. అంటే ఓడిపోవాలి. రాష్ట్రంలో గెలిచినవాళ్ళే జాతీయ పోటీలకి వెళతారు, అక్కడ ఆడిన సర్టిఫికెట్ ఉంటే క్రీడాకారుల కోటాలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీన్ని ఎవరూ మోసం అనరు. "అక్క వదిలిందండి" అంటారు, అక్కేదో పొలం రాసిచ్చినట్టు.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఇలాగే వైజాగ్ సీనియర్ ఒకావిడని మావాళ్ళు అడిగారు. ఆవిడ సరే అనలేదు, కాదనలేదు. మ్యాట్ ఎక్కి ఇరవై సెకన్లలో నన్ను ఎత్తి కుదేసింది. నేను ఏడుస్తుంటే నా బెల్టు పట్టి లేపి, "నీ ఎడమ కాలు ఎప్పుడూ వెనకబడుతోంది, చూసుకో" అని వెళ్ళిపోయింది. ఆవిడకి గుండె లేదని మావాళ్ళు తిట్టిపోశారు, నేనూ తిట్టాను. మరుసటేడు ఎడమ కాలు సరిచేసుకుని ఆవిణ్ణే గెలిచాను.

ఇంత తెలిసినదాన్ని నేను. అది గుర్తుపెట్టుకుని తరవాతది చదవండి.

పనసపొట్టు

నాకప్పుడు ముప్పై ఒకటి. ఆ ఏటితో ఆట మానేద్దామని నిర్ణయించుకున్నాను. మోకాళ్ళు అప్పటికే వద్దంటున్నాయి. నేను మా ఆఫీసు తరఫున, దుర్గ జిల్లా తరఫున, ఒకే తరగతిలో రాష్ట్ర పోటీలకి దిగుతున్నాం. ఫైనల్ మా ఇద్దరి మధ్యే ఉంటుందని అందరికీ తెలుసు. దుర్గకి ఇరవై ఒకటి. బలం ఉంది, వేగం ఉంది, మొండితనం ఉంది, జిల్లాలో ఆ పిల్లని పడేసినవాళ్ళే లేరు. కాలు తన్ని పడేసే పట్టు మంచిది వచ్చు.

మొదట కార్యదర్శిగారు ఫోను చేశారు. "మీరు ప్రార్థన చేసుకునే కుటుంబం గదండీ, మీకు దయాగుణం ఉంటదండి" అన్నారు. ఆయన నోట దయ అన్న మాట వినగానే ఒళ్ళు మండి ఫోను పెట్టేశాను. తరవాత మాస్టారు వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, ఆరిపోయిన టీ తాగి, "నేనేం చెప్పనండీ సువార్తగారూ. తమకి తెలియందేముందండీ" అని లేచి వెళ్ళిపోయారు. నేను పిల్లగా ఉన్నప్పుడు ఒసేయ్ అని పిలిచిన మనిషి.

మూడోరోజు దుర్గ తల్లి సత్యవతి వచ్చింది. పీచు మిల్లులో పని చేస్తుంది. అరచేతుల నిండా పీచు కోసిన గీతలు. పనసకాయ కొట్టించి, ఆ పొట్టు అరిటాకులో పొట్లం కట్టి తెచ్చింది. లోపలికి రమ్మన్నా గుమ్మంలోనే కూర్చుంది.

"దేవుడు మీకన్నీ ఇచ్చేడండి. ఉద్యోగం ఇచ్చేడు, పేరిచ్చేడు. నాకున్నది అదొక్కతేనండి. ఈ నోటిఫికేషను దాటితే మళ్ళీ ఎప్పుడేత్తారో తెలీదండి, అప్పటికి దాని వయసు దాటిపోద్దండి. నేషనల్సుకి ఎల్లొచ్చిన కాయితం ఒక్కటుంటే చాలన్నారండి. ఈ ఒక్కసారీ వదిలెయ్యండమ్మగారూ."

"దుర్గ అడగమందా?" అన్నాను.

"అమ్మో! దానికి తెలిత్తే ఆడదండి. ఎవరు చెప్పినా వినదండి అది. దానికి మాత్రం తెలియనివ్వకండి, మీకు దండం పెడతాను."

సరేనన్నాను. జాలేసి సరేనన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జాలి ఉంది, లేదనను. కానీ ఆ తల్లి చేతులు జోడిస్తుంటే నాకు లోపల ఎక్కడో హాయిగా ఉంది, అదీ నిజం. ఒక మనిషి బతుకు నా చేతిలో ఉంది, నేను దయతలిస్తే అది బాగుపడుతుంది అన్న హాయి. కార్యదర్శి దయ అంటే మండిన ఒళ్ళు, నా దయకి మాత్రం చల్లగా ఉంది. ఆ పనసపొట్టు ఆవపెట్టి వండుకుని తిన్నాను కూడా.

నాలుగు నిమిషాల నాటకం

ఫైనల్లో మొదటి నిమిషం దుర్గ నన్ను గౌరవంగా పట్టుకుంది. నేనూ లాగీ లాగనట్టు లాగాను. ఇరవయ్యేళ్ళ అలవాటు ఊరుకోదు. ఆ పిల్ల ఒక అడుగు తప్పుగా వెయ్యగానే నా ఒళ్ళు దానంతటదే కుడివైపు నుంచి తిరిగి, భుజం మీదుగా విసిరే పట్టులోకి సగం వెళ్ళిపోయింది. సగంలో ఆపుకున్నాను. ఆ సగంలోనే చూశాను. దుర్గ ఎడమ చెయ్యి సర్రున కిందికి వెళ్ళింది. అరచెయ్యి విప్పి, నేలని వెతుక్కుంటూ. పొట్టు మ్యాట్ చెయ్యి.

ఎవరైనా గట్టిగా విసిరితే ఆ చెయ్యి ఏమవుతుందో నాకు ఆ క్షణంలోనే తెలుసు. నాలాంటిది విసిరితే పరవాలేదు. ఎదుటి పిల్ల చెయ్యి పెడుతోందని తెలిస్తే, పూర్తిగా తిప్పి వీపు మీద దించడం నాకు వచ్చు. ఆ తరవాత, వైజాగ్ ఆవిడ నాకు చెప్పినట్టు, ఒక్క ముక్క చెప్పాలి. అంతే పని. అది చెయ్యకుండా, ఇంకో రెండు నిమిషాలు అటూ ఇటూ తిరిగి, దుర్గ కాలు తన్నగానే ఆ కానిస్టేబుల్లా ఎగిరి పడ్డాను. నాకంటే అతనే నయం, అతనికి అది డ్యూటీ.

హాలు దద్దరిల్లింది. దుర్గ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. నా కాళ్ళకి దండం పెట్టింది. "మీ మీద గెలుస్తానని కల్లో కూడా అనుకోలేదక్కా" అంది. మాస్టారు నా దగ్గరికి వచ్చి, "ఆయ్, చాలా గొప్ప పని చేసేరండీ" అన్నారు. నేను తలూపాను. దుర్గ చెయ్యి సంగతి నాలిక చివరి దాకా వచ్చింది. ఇప్పుడే చెప్పి పిల్ల పండగ పాడుచెయ్యడం ఎందుకు, రేపు చెబుదాం అనుకున్నాను.

జాతీయ పోటీలకి అయిదు వారాలుంది. రాజోలు నుంచి పలివెల ఎంతండీ? రెండు బస్సులు. ఆ పిల్ల ఎనిమిదేళ్ళు రోజూ మారిన ఆ రెండు బస్సులు నేను ఒక్కరోజు ఎక్కలేకపోయాను. వెళితే, నీ చెయ్యి తప్పు అని చెప్పాలి. చెబితే, మరి ఆ రోజు నన్ను ఎలా పడేశానక్కా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి భయపడి ఆఫీసులో పనుందని నాకు నేనే చెప్పుకున్నాను.

నలభై సెకన్లు

నేను చూసింది ఫోనులో. ఎవరో తీసి మా గ్రూపులో పెట్టారు. ఉత్తరాది పిల్ల, పొట్టిది, గట్టిది. దుర్గ ఎదురుగా నిలబడి ధైర్యంగానే పట్టుకుంది. నలభై సెకన్లకి ఆ పిల్ల భుజం మీదుగా విసిరింది. దుర్గ ఎడమ చెయ్యి సర్రున కిందికి వెళ్ళింది. ఈసారి ఆపుకునేవాళ్ళు లేరు. మ్యాట్ గట్టిది. వీడియోలో శబ్దం లేదు, ఎవరో ఆ పుణ్యం చేశారు.

మోచెయ్యి కీలు తప్పి, ఎముక చిట్లింది. జట్టు వెంట వెళ్ళిన సంఘం పెద్దలు ఒక గుడ్డతో చెయ్యి మెడకి కట్టి, ఊరు వెళ్ళాక చూపించుకోమ్మా అని రైలెక్కించారు. రెండు రోజుల రైలు. వాళ్ళు మాత్రం ఆ పూట ఆ ఊళ్ళో ఉన్న కోట చూసి, స్వీట్లు కొనుక్కుని వచ్చారు. ఇక్కడ ఆపరేషను అయ్యేసరికి ఆలస్యమైపోయింది. చెయ్యి అతుక్కుంది గానీ పూర్తిగా చాపుకోదు.

కాగితం అయితే వచ్చింది. జాతీయ పోటీల్లో ఆడినట్టు, ముద్రతో సహా. ఆ కాగితంతో యూనిఫారం ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. పరుగు పాసయ్యింది. చివర వైద్య పరీక్షలో డాక్టరు చేతులు రెండూ ముందుకి చాపమన్నాడట. చాపింది. ఎడమది పూర్తిగా చాపు అన్నాడట. "ఇంతేనండి వస్తది" అందట. అయిపోయింది. ఏడుస్తూ వచ్చిన సత్యవతితో కార్యదర్శిగారు, "విధండీ, మనమేం చేత్తాం" అన్నారు. ఆ విధి ఫంక్షన్ హాలు వెనక గదిలో ప్లాస్టిక్ కవరులో ఉందని ఆయనకి చెప్పేవాళ్ళు లేకపోయారు. నేను చెప్పొచ్చు. కానీ అదే విధిలో సగం వాటా నాది, నా నోరు ఎలా లేస్తుంది?

చెప్పొద్దన్నారు

రెండేళ్ళు ఆ పిల్ల మొహం చూడలేదు. సత్యవతికి ఆపరేషను ఖర్చుకని కొంత పంపించి చేతులు దులుపుకున్నాను. ఈలోగా పలివెలలో దుర్గకి ఒక పేరు వచ్చిందని తెలిసింది. "సువార్తగారిని పడేసిన పిల్ల" అంటున్నారట. ఆ పేరు మీదే పది పన్నెండు మంది ఆడపిల్లలు ఆమె దగ్గర జూడో నేర్చుకుంటున్నారట. మాస్టారితో, నిజం చెప్పేస్తానండీ అన్నాను. ఆయన కంగారుపడిపోయారు. "వద్దండీ బాబూ. చెయ్యి పోయింది, ఉద్యోగం పోయింది. ఆ ఒక్క గెలుపే మిగిలిందండి దానికి. అదీ లాగేసుకుంటారా?"

మంచి మాటలాగే ఉంది. అంతకుముందు వదిలెయ్యమన్నప్పుడూ మంచి మాటలాగే ఉంది. ఆ పిల్ల గురించి మేమంతా కలిసి మంచిమాటలే మాట్లాడుకున్నాం, ఆ పిల్లతో తప్ప.

ఒక ఆదివారం చర్చి అవ్వగానే రెండు బస్సులూ ఎక్కాను.

పీచు మిల్లు పక్క ఆరుబయట, రేకుల పందిరి కింద దుర్గ పిల్లలకి నేర్పుతోంది. నన్ను చూసి పరుగున వచ్చింది. కుర్చీ వేయించింది. కొబ్బరిబొండం కొట్టించింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంగే ఉంది. పిల్లలందరూ బారుగా నిలబడి నన్ను నోరు తెరుచుకుని చూస్తున్నారు. దుర్గ పడేసిన మనిషి ఈవిడే కదా మరి.

కింద చూస్తే సంచులు ఉన్నాయి గానీ ఎత్తుగా లేవు. "పొట్టు ఏమైంది?" అని అడిగాను.

"తీసేయించేనండి. పల్చగా పరిచేను. తగలాలండి పిల్లలకి. తగిల్తేనే చెయ్యి ఎక్కడ పెట్టకూడదో తెలుత్తది. నాకెవరూ చెప్పలేదు గదండీ" అంది మామూలుగా.

పిల్లల్ని నీళ్ళు తాగి రమ్మని పంపించాక చెప్పాను. "దుర్గా, ఆ ఫైనల్ నేను వదిలేశానమ్మా."

దుర్గ మొహంలో నవ్వు ఆగిపోయింది.  "అమ్మకి తెలుసాండీ?" అంది.

"తెలుసు."

"మాస్టారికి?"

"తెలుసు."

"కార్యదర్శిగారికీ తెలిసే ఉంటది. అంటే నాకొక్కదానికే తెలీదన్నమాటండి." తన ఎడమ చెయ్యి వైపు చూసుకుంది. "మరి నేను చెయ్యి కింద పెడతానని? అది కూడా మీకు ఆ రోజే తెలుసాండీ?"

అబద్ధం చెప్పాలనిపించింది. "చూశాను" అన్నాను.

"చూసి?"

"నువ్వు సంతోషంగా ఉన్నావని చెప్పలేదు."

దుర్గ నవ్వింది. అలాంటి నవ్వు ఇంతకు ముందు నా మీద ఎవరూ నవ్వలేదు. "నిజంగా ఆడుంటే నన్ను పడెయ్యడానికి ఎంతసేపు పట్టేదండీ మీకు?"

"అర నిమిషం."

"అర నిమిషమండి. ఆ అర నిమిషం నాకు ఇచ్చుంటే నా చెయ్యి నాకుండేది. మరుసటేడు గెలిచేదాన్నో లేదో, అది నేను చూసుకునేదాన్ని. జాలి ఎవరడిగేరండీ మిమ్మల్ని? మా అమ్మ అడిగిందనకండి. మ్యాట్ మీద ఉన్నది మా అమ్మ కాదు గదండీ."

 క్షమించమన్నాను. ఆ మాట అక్కడ ఎంత తేలిగ్గా ఉందో నాకే తెలుస్తోంది. దుర్గ కొంగుతో, అదే, కోటు చేతితో మొహం తుడుచుకుని లేచింది. పిల్లల్ని పిలిచింది. వాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు.

"ఈవిడ నా చేతిలో ఓడిపోలేదంటర్రా. వదిలేసేరంట. ఇప్పుడు నిజంగా పడేత్తారు, చూడండి" అంది.

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒక బుడ్డది ఏడుపు మొహం పెట్టింది.  "ఆ చేత్తో వద్దు దుర్గా" అన్నాను.

"మళ్ళీ మొదలెట్టేరా?"

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, చెప్పులు విడిచి లోపలికి నడిచాను. పట్టుకున్నాను. ముప్పై మూడేళ్ళ మోకాళ్ళు, రెండేళ్ళుగా ఆట లేదు, అయినా పట్టు పోలేదు. తిరిగాను, భుజం మీదుగా విసిరాను. దుర్గ గాలిలో పూర్తిగా తిరిగి వీపు మీద దిగింది. చెయ్యి చాచి ఫెళ్ళున కొట్టింది. కుడి చెయ్యి. చూడముచ్చటగా పడింది, హాస్టల్లో మా మేడమ్ చూసినా వంక పెట్టేది కాదు.

పిల్లలు చప్పట్లు కొట్టబోతే దుర్గ చెయ్యెత్తి ఆపింది. లేవకుండా కింద నుంచే నన్ను చూసింది.

"మీరు కుడి వాటం గదండీ. ఎడమ నుంచి ఎందుకేసేరు?"

 కుడి నుంచి వేస్తే ఆమె వంకర చెయ్యి నేలకి కొట్టుకోవాలి. ఎడమ నుంచి వేస్తే మంచి చెయ్యి. అది నేను ఆలోచించి చెయ్యలేదు, నా చేతులే చేసేశాయి.

దుర్గ లేచి, కోటు సర్దుకుని, బెల్టు బిగించి నా ఎదురుగా నిలబడింది.

"ఇంకోసారండి. మీ వైపు నుంచి."

కుడి చేత్తో కాలరు పట్టుకున్నాను.